వడిశాకు విషమూ, పిల్లుల కరోనా వ్యాధీ

1963లో బోస్టన్ నగరంలోని ఏంజెల్ మెమోరియల్ జంతు వైద్యశాలకు చెందిన డాక్టర్ జీన్ హోల్జ్‌వర్త్ పిల్లులలో ఒక కొత్త వ్యాధిని వర్ణించారు. తగ్గని జ్వరం, కడుపులో చేరే జిగట నీరు, క్షీణత, మరణం. దానికే తరువాత ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటొనైటిస్ అని పేరు వచ్చింది. పిల్లుల ప్రేగులలో సాధారణంగా పెద్ద హాని చేయక ఉండే కరోనా వైరస్, కొన్నింటిలో మార్పు చెంది రక్షకకణాలలోనే పెరగడం దీనికి కారణం. ఇది మనుషులకు సోకదు. అర్ధశతాబ్దం పాటు ఈ రోగనిర్ధారణ జరిగితే యజమాని ఆశ వదులుకోవలసినదే.

మందు కోసం వెదికినవారు మొక్కలనూ వదలలేదు. 2010లో తైవాన్ పరిశోధకులు స్నోడ్రాప్ దుంప నుండి లభించే లెక్టిన్‌ను కణాలపై పరీక్షించారు. క్వినైన్ అడుగుజాడలలో తయారైన క్లోరోక్విన్‌ను 2013లో జపాన్‌లో పిల్లులకే ఇచ్చారు. లక్షణాలు కొంత తగ్గాయి గాని కాలేయ ఎంజైము పెరిగింది.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది 2017 నాటి తైవాన్ ప్రయోగం. అందులో వాడిన డైఫిల్లిన్ అనే పదార్థం మన అడవులలోని వడిశ చెట్టులోనూ ఉంటుంది. కొన్ని ప్రాంతాలలో దీనిని కడిశ అంటారు. ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన నా తరం వైద్యులకు వడిశాకు అంటే విషం కేసే: పొటాషియం పడిపోవడం, రక్తంలో ఆమ్లం పేరుకోవడం, గుండె లయ తప్పడం. డైఫిల్లిన్ జాతి పదార్థాలు కణాలలో ఆమ్లాన్ని తోడే పంపును ఆపివేస్తాయి. మూత్రపిండంలో ఆ పంపు ఆగితే రోగికి ప్రాణాపాయం. కణంలోకి చొరబడే వైరస్‌కు తన సంచి విప్పుకొనడానికి అదే ఆమ్లం కావాలి; అది లేకపోతే వైరస్ అక్కడే చిక్కుకుంటుంది. ఒకే గుణం, రెండు ఫలితాలు! విషప్రభావం తగ్గించడానికి ఆ పరిశోధకులు మందును నానో రేణువులలో పొదిగారు. కణాలలో వైరస్ తగ్గింది, ఎలుకలు తట్టుకున్నాయి. అయితే అది జబ్బుపడ్డ పిల్లికి నయమైనట్లు కాదు.

నయం చేసినది వేరొకటి. అమెరికాలోని డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం పరీక్షించిన జీఎస్-441524 అనే న్యూక్లియోసైడ్, రెమ్డెసివిర్‌కు మూలరూపం. 2019లో ప్రచురించిన ఫలితాలలో, సహజంగా వ్యాధి సోకిన 31 పిల్లులలో 25 దీర్ఘకాలం బ్రతికాయి. ఇది మొక్క నుండి తీసినది కాదు.

ఈ మధ్య పసుపు, తులసి రసం పట్టించి రోజులు గడిపేవారిని చూస్తున్నాను. ఈ వ్యాధిలో రోజులే ప్రాణం. పైగా పిల్లి కాలేయానికి అనేక ఫినాలిక్ పదార్థాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జోడించి బయటకు పంపే శక్తి చాలా తక్కువ. పారాసెటమాల్ మాత్ర పిల్లిని చంపడానికి ఇదే ముఖ్య కారణం. వెల్లుల్లి దాని ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. ఇక లిల్లీ పూల పుప్పొడి బొచ్చుకు అంటినది నాకినా చాలు, మూత్రపిండాలు పాడవుతాయి.