త్రీనాట్‌త్రీ తుపాకీ చెక్క కథ

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పని తెమిలాక తీరిగ్గా కూర్చుని చదవండి.

పోలీస్ స్టేషన్ ముందర, ఎన్నికల బూతుల దగ్గర పొడుగాటి చెక్క తుపాకీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్‌ని మన వయసు వాళ్లందరం చూశాం. దాన్ని త్రీనాట్‌త్రీ అనేవాళ్లం. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 303 భాగాలంత లావు గొట్టం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. పేరు అక్కణ్నుంచి వచ్చింది. అంటే పేరంతా ఇనుముదే. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం ఆ ఇనుముని మోసిన కర్ర సంగతి. ఆ కర్ర విరిగితే ఏం చేసేవాళ్లు, కొత్తది ఏ చెట్టుది ఎంచుకునేవాళ్లు, ఎలా బిగించేవాళ్లు అనే దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. గొడ్డలికి కామ వేసుకునే మనకి అందులో చాలా భాగం తెలిసిన విషయంలాగే అనిపిస్తుంది.

ముందు తుపాకీ కట్టు చూద్దాం. ఈ పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ రకాన్ని బ్రిటిష్ సైన్యం 1902 చివర్లో ఒప్పుకుంది. మనం ఎక్కువగా చూసిన మార్క్ 3 రకం 1907లో వచ్చింది. తూటా ఎక్కించే ఏర్పాటు జేమ్స్ ప్యారిస్ లీ అనే ఆయనది, గొట్టం ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లోని సర్కారు ఫ్యాక్టరీది. రెండు పేర్లూ కలిపేశారు. పొడవు 44న్నర అంగుళాలు, బరువు ఇంచుమించు 4 కిలోలు.

అప్పట్లో జర్మనీ వాళ్ల మౌజర్ లాంటి తుపాకులకి మడమ నుంచి ముందు దాకా ఒకటే చెక్క. లీ ఎన్‌ఫీల్డ్‌కి అలా కాదు. భుజానికి ఆనించే మడమ ఒక ముక్క, గొట్టం కింద ఉండే ముందు చెక్క ఇంకో ముక్క, చేయి కాలకుండా గొట్టం మీద కప్పే చెక్కలు వేరే. మడమకీ ముందు చెక్కకీ మధ్యలో ఇనుప గూడు ఉంటుంది. ఇందులో లాభం ఏమిటంటే, ఏ ముక్క పోతే ఆ ముక్కే మార్చుకోవచ్చు. పొడుగాటి, లోపం లేని పలక కోసం వెతుక్కోనక్కర్లేదు. మేడి విరిగితే మేడి ఒక్కటే మార్చుకున్నట్టు.

ఇంకో లాభం కూడా ఉంది. మడమలు నాలుగు పొడవుల్లో చేసేవాళ్లు. మామూలుది ఒకటి, దానికంటే అరంగుళం పొడుగుది ఒకటి, అరంగుళం పొట్టిది ఒకటి, అంగుళం పొట్టిది ఒకటి. అన్నిటికంటే పొట్టిదాన్ని బాంటమ్ అనేవాళ్లు. బాంటమ్ అంటే పొట్టి జాతి కోడి. చెయ్యి పొడుగు వాడికి పొట్టి మడమ ఇస్తే తుపాకీ తన్నినప్పుడు తన బొటనవేలే ముక్కుకి తగులుతుంది. పొట్టివాడికి పొడుగుది ఇస్తే మెడ సాచాల్సొస్తుంది, గురి కుదరదు. పార కర్ర మనిషి ఎత్తుని బట్టి కోసుకోమని మన పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు గదా.

ఇక చెట్టు సంగతి. యూరప్‌లో తుపాకీ అంటే వాల్‌నట్ కర్ర, అంటే మనం కాయలు తినే అక్రోటు చెట్టు. ఎందుకది? దెబ్బకి పగలదు. మరీ బరువు ఉండదు. ఉలికి నున్నగా తెగుతుంది, మూల చెక్కితే పెళ్లలు లేవదు. అన్నిటికంటే ముఖ్యం, బాగా ఆరాక వానకీ ఎండకీ పెద్దగా మెలి తిరగదు. మన దేశంలో ఈ చెట్టు కశ్మీర్, హిమాచల్ లాంటి కొండ ప్రాంతాలది. కశ్మీర్‌లో చెక్కే పెట్టెలు, బల్లలు ఈ కర్రవే. అక్కడ సొంత తోటలో ఉన్న అక్రోటు చెట్టయినా అనుమతి లేకుండా కొట్టకూడదని చట్టం ఉంది. చెట్టు విలువ అంత.

కర్ర ఎంచుకోవడంలో మొదట చూసేది నార. ఏ కర్రయినా నిలువునా దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. ఆ అడ్డంలో కూడా చుట్టు వలయాల వెంబడి తగ్గేది ఎక్కువ, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేది తక్కువ, సుమారు సగం. అందుకే దుంగని ఎలా కోశారన్నది ముఖ్యం. ఇక మడమ సన్నబడి చెయ్యి పట్టుకునే చోట నార ఆ వంపు వెంబడే నడవాలి. అక్కడ నార అడ్డం తిరిగితే ఎంత మంచి కర్రయినా ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. గొడ్డలి కామకి మనం చూసేది కూడా ఇదే.

రెండోది ఆరుదల. నీడన గాలికి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది పడుతుందని వడ్రంగుల మోటు లెక్క. రెండంగుళాల పలకకి రెండేళ్లు. శాంతి కాలంలో పర్వాలేదు. 1914లో యుద్ధం వచ్చిపడింది. లక్షల తుపాకులు కావాలి. ఇనుము పగలూ రాత్రీ కొలిమి పెట్టి తీయొచ్చు. ఆరిన అక్రోటు కర్ర ఎక్కణ్నుంచి తెస్తారు? బ్రిటన్‌లో తోటల్లో, పొలాల్లో ఉన్న అక్రోటు చెట్లు నరికారు. అమెరికా 1917లో యుద్ధంలోకి దిగింది. అక్కడ నల్ల అక్రోటు తుపాకులకీ కావాలి, విమానాల ముందు తిరిగే రెక్కలకీ కావాలి. 1918లో అధ్యక్షుడు విల్సన్ బాయ్ స్కౌట్ పిల్లల్ని పిలిచి, ఎక్కడెక్కడ చెట్లున్నాయో వెతికి లెక్క రాయమన్నాడు. అంత పెద్ద దేశం ఫ్యాక్టరీలు పెట్టుకుని కూర్చుని, చివరికి రైతు పెరట్లో చెట్టు కోసం పిల్లల్ని పంపాల్సి వచ్చింది. చూడండి, తాత నాటిన చెట్టు మనవడి యుద్ధానికి పోయింది.

రెండో యుద్ధం నాటికి అక్రోటు మాత్రమే కావాలని పట్టుబట్టడం మానేశారు. ఇంగ్లండ్‌లో బీచ్, బర్చ్ అనే చల్ల దేశపు చెట్ల కర్ర కూడా వాడారు. అమెరికాలో, కెనడాలో చేసిన లీ ఎన్‌ఫీల్డులకి కూడా బర్చ్ పడింది. తుపాకీ అదే, కర్ర మారింది. కర్ర మారినప్పుడు ఏమవుతుందో బాగా చూపించింది ఆస్ట్రేలియా.

ఆస్ట్రేలియాలో లిత్‌గో అనే ఊళ్లో 1912లో తుపాకీ ఫ్యాక్టరీ తెరిచారు. అక్రోటు దిగుమతి చేసుకుంటే ఖర్చు, ఓడలు రాకపోతే పని ఆగిపోతుంది. అందుకని క్వీన్స్‌లాండ్ మేపుల్, కోచ్‌వుడ్ అనే తమ అడవి చెట్లకి మారారు. ఆ కర్ర నున్నగా ఉంటుంది, తేలిక, కానీ అక్రోటు కంటే మెత్తన. అక్కడే చిక్కు.

తుపాకీ పేలినప్పుడు ఇనుము మొత్తం వెనక్కి తంతుంది. ఆ తన్ను ముందు చెక్క వెనక చివర్లో లోపల ఉన్న రెండు చిన్న ముఖాల మీద పడుతుంది. రెండిటి మీదా సమానంగా పడాలి. కర్ర మెత్తనైతే ఆ ముఖాలు నలిగిపోతాయి. సందు వస్తుంది. సందు వస్తే ఇనుము ప్రతిసారీ సుత్తిలా కొడుతుంది, ముందు గురి పోతుంది, తర్వాత చెక్క వెనక నుంచి పగులుతుంది. లిత్‌గో వాళ్లు ఏం చేశారంటే, ఆ రెండు చోట్లా కర్ర తొలిచి రాగి పలకలు పొదిగారు. తన్ను రాగి మీద పడుతుంది, రాగి దాన్ని కర్ర మీద వెడల్పుగా పంచుతుంది. మెత్తటి కర్రని తిట్టుకుంటూ కూర్చోలేదు, దాని బలహీనత ఎక్కడో అక్కడ బలం పెట్టారు.

మన దగ్గర కోల్‌కతాకి ఉత్తరాన, హుగ్లీ నది ఒడ్డున ఇషాపూర్ ఫ్యాక్టరీ ఉంది. మొదట తుపాకీ మందు చేసిన చోటు, 1900 తర్వాత తొలి ఏళ్లలో తుపాకుల ఫ్యాక్టరీ అయింది. మన వాతావరణం సంగతి తెలిసిందే గదా. రోహిణి కార్తెలో కర్ర ఎండి బిగుసుకుపోతుంది, శ్రావణంలో ఉబ్బుతుంది. ఇంగ్లండ్‌లో సరిపోయిన చెక్క ఇక్కడ అలాగే ఉంటుందని నమ్మకం లేదు. ఇషాపూర్ వాళ్లు ముందు చెక్కకి అడ్డంగా ఒక స్క్రూ దింపి రెండు పక్కల్నీ కలిపి బిగించారు. పాత తుపాకులు సేకరించేవాళ్లు ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. రోకలి పగలకుండా పొన్ను వేస్తాం చూడండి, అదే తెలివి. గ్రెనేడ్లు విసిరే తుపాకులకైతే తన్ను మరీ ఎక్కువ, అందుకని ముందు చెక్క చుట్టూ రాగి తీగ బిగించి చుట్టేవాళ్లు.

ఇప్పుడు బిగించే పనికి వద్దాం. మడమలోపల పొడుగునా రంధ్రం, అందులో పొడుగాటి బోల్టు. మడమ వెనక ఇత్తడి పలకకి చిన్న తలుపు ఉంటుంది. నూనె సీసా, గొట్టం తుడిచే తాడు దాచుకునేది అక్కడే. ఆ దారినే పొడుగు స్క్రూడ్రైవర్ దింపి బోల్టు తిప్పుతారు. ఇక్కడే ఒక మెలిక పెట్టారు. మార్క్ 3 రకంలో ఆ బోల్టు ముందు కొస నలుచదరంగా ఉండి, ముందు చెక్కలో పొదిగిన చిన్న ఇనుప పలకలో ఇరుక్కుంటుంది. బోల్టు దానంతట అది వదులు కాకూడదని ఆ ఏర్పాటు. కాబట్టి ముందు చెక్క ఊడదీశాకే మడమ ముట్టుకోవాలి. ఆ వరస తెలియక నేరుగా మడమ బోల్టు తిప్పితే నలుచదరపు కొస తిరిగి ముందు చెక్కని చీల్చేస్తుంది. ఒక కర్ర మార్చబోయి రెండు కర్రలు పోగొట్టుకోవడం అన్నమాట.

కొత్త ముందు చెక్కని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే పెట్టేస్తే సరిపోదు. కావాలనే పిసరంత ఎక్కువ వదిలి చేస్తారు, పనివాడు దాన్ని తగ్గించుకుంటూ సరిపెట్టాలి. తుపాకీ వడ్రంగులది పాత పద్ధతి ఒకటుంది. ఇనుముకి దీపం మసి పట్టించి చెక్కలో కూర్చోబెట్టి తీస్తారు. మసి అంటిన చోటే ఇనుము తగులుతోందని తెలుస్తుంది. ఆ మచ్చనే ఉలితో గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ కూర్చోబెట్టడం. వెనక ఉన్న రెండు ముఖాలకీ మసి సమానంగా అంటే దాకా ఇదే పని. ఎక్కడ ఆనాలో అక్కడ గట్టిగా ఆనాలి, ఎక్కడ తగలకూడదో అక్కడ అసలు తగలకూడదు. గొట్టానికి ఒక పక్క చెక్క ఒత్తుకుంటే, వాన పడి ఉబ్బిన రోజు ఆ ఒత్తిడి పెరిగి గొట్టాన్ని పక్కకి నెడుతుంది. గురిలో డిగ్రీకి అరవయ్యో వంతు తేడా వస్తే 100 గజాల దగ్గర అంగుళం తప్పుతుంది, 600 గజాల దగ్గర ఆరంగుళాలు. ఆ గీకిన పని సరిగా ఉందా లేదా అన్న దాని మీద ఒక సిపాయి ప్రాణం ఆధారపడింది.

చివరగా నూనె. అవిసె గింజల పచ్చి నూనె పట్టించేవాళ్లు. మెరుపు కోసం కాదండీ, తేమ త్వరగా లోపలికి పోకుండా. వార్నిష్ పైపైన పొరలా ఉండి గీత పడితే లేచిపోతుంది. నూనె లోపలికి ఇంకుతుంది, మళ్లీ మళ్లీ పట్టించుకోవచ్చు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్‌లో ఇదే కట్టుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకి కొత్త తుపాకీ చేశారు. పాతవాటిలో కొన్నిటి గొట్టాలు నున్నగా తొలిచి పోలీసులకి, కాపలా వాళ్లకి మస్కెట్లుగా ఇచ్చారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతులో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. ఇప్పుడొచ్చే తుపాకులకి ఎక్కువగా ప్లాస్టిక్ మడమలే. అవి ఉబ్బవు, ఎండవు, మసి పట్టి గీకే పనివాడి అవసరమూ లేదు.

మన సంగతీ అదే దారిలో ఉంది. నాగలికీ బండి చక్రానికీ తుమ్మ, రోకలికి చండ్ర, ఇరుసుకీ గొడ్డలి కామకీ చిరుమాను అని ఎంచుకునే లెక్క మన పెద్దవాళ్లకి నోటికి వచ్చు. తుమ్మ దుంగని చెరువులో నానేసి, తీసి, నీడన ఆరబెట్టి గానీ వడ్రంగి ఉలి పెట్టేవాడు కాదు. ఇప్పుడు గట్టు మీద తుమ్మ చెట్టుని టన్ను లెక్కన కట్టెలకి అమ్మేస్తున్నాం. బజార్లో కొన్న పార కర్ర ఏ చెట్టుదో మనకే తెలియదు, ఆరు నెలలకి విరిగితే ఇంకోటి కొంటున్నాం. యుద్ధం వచ్చాక చెట్ల కోసం పరుగెత్తిన దేశాలకి డబ్బుంది కాబట్టి గట్టెక్కాయి. మనకి ఆ పని తెలిసిన వడ్రంగి పోయాక ఎంత డబ్బు పెట్టినా ఆ లెక్క తిరిగి రాదు. కాబట్టి గట్టు మీద రెండు మంచి చెట్లు ఉంచుకోండి. ఊళ్లో పాత వడ్రంగి ఉంటే, ఏ పనికి ఏ కర్ర, ఎన్నాళ్లు ఆరాలి అని అడిగి పిల్లల చేత రాయించి పెట్టండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పంట కాపలాకి లైసెన్సు మీద నాటు తుపాకీ ఉన్నవాళ్లు మనలో అక్కడక్కడా ఉన్నారు. దాని కర్ర పాడైతే ఇంట్లో చెక్కుకోకండి. తుపాకీ రిపేరుకి కూడా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న దుకాణానికే తీసుకెళ్లండి.

మీ ఊళ్లో గొడ్డలి కామకి ఏ కర్ర వాడేవాళ్లు? ఒక్కో ప్రాంతంలో ఒక్కో చెట్టు, ఒక్కో పేరు. కింద రాయండి. అందరి మాటా ఒక్కచోట చేరితే అదీ ఒక చరిత్రే అవుతుంది.