వెనుకబడినవా, నెట్టబడినవా?

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే విశేషణం "వెనుకబడిన" అన్నది. తెలుగు పాఠాలు చెప్పేవాడిని గనుక నా మొదటి ఆక్షేపణ వ్యాకరణానికి సంబంధించినదే. "వెనుకబడుట" అనే క్రియకు జిల్లాయే కర్త. నెట్టినవాడు వాక్యంలో ఎక్కడా కనిపించడు. చరిత్రను ఆశ్రయిస్తే గాని ఆ కనిపించనివాడు బయటపడడు.

పాత కరీంనగర్ జిల్లా సరిహద్దుకు చేరువలో, నిజామాబాద్ జిల్లాలో, కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. నిర్మల్ వద్ద దిమ్మదుర్తి ఇనుపరాయికి పేరున్న రోజులలో, కోనసముద్రం కొలిమివారు రెండు రకాల ఇనుమును పాళ్లు తూచి మూసలలో పెట్టి, మట్టితో మూతలు బిగించి, రాత్రింబవళ్లు కాచి ఉక్కు ముద్దలు తీసేవారు. 1824లో మరణించిన వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ పనిని కళ్లారా చూచి వ్రాసిన వివరణ 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుడొకడు అక్కడే ఉండి సరుకు కొనుగోలు చేస్తున్నాడని అందులో ఉన్నది. మన దేశపు ఉక్కులోని రహస్యమేమిటో తెలుసుకోవడానికి 1819లో లండన్‌లో ఫారడే అంతటివాడు దానిని పరీక్షించాడు.

ఇంతమాత్రం చేత అది స్వర్ణయుగమని నేననను. మూస దగ్గర చెమటోడ్చినవానికి, పారశీక దేశంలో కత్తి పలికే ధరపై ఏ అధికారమూ లేదు. విద్య అతనిది, విపణి వర్తకునిది.

1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన పిదప బ్రిటనులో ఉక్కు చౌక అయింది. 1874లో సికింద్రాబాదుకు రైలు చేరింది. 1883లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పేరులోనే గుట్టంతా ఉన్నది: పెట్టుబడి లండన్‌ది, దాని వడ్డీకి హామీ నిజాం ఖజానాది. ఆ ఖజానా నిండేది రైతు శిస్తుతో. అంటే పరాయి సరుకును మోసుకువచ్చే బండికి మన పల్లె జామీను నిలిచిందన్నమాట! కొలిమి ఆరిపోవడానికి కొలిమివాని అజ్ఞానం కారణమని చెప్పేవారు ఈ లెక్కను చూడరు.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫు దేశాలలో కట్టడాలు లేచాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల యువకులు అప్పుచేసి, ఏజెంటుకు డబ్బు కట్టి, ఆ ఎడారులకు కూలికి పోయారు. నేటికీ పోతూనే ఉన్నారు. ఒకనాడు సముద్రం దాటి వర్తకుడు మన సరుకును వెదకుకుంటూ వచ్చాడు. నేడు సరుకు లేదు. మనిషి శ్రమే సరుకై సముద్రం దాటుతున్నది. వారు పంపిన డబ్బుతో ఊళ్లలో ఇళ్లు లేచిన మాట నిజమే. కాని కూలి రేటు నిర్ణయించే చేయి నాడు ధర నిర్ణయించిన చేయిలాగే మన ఊరికి అందనంత దూరంలో ఉన్నది.

సంపద పుట్టేచోటు వేరు, చేరేచోటు వేరు. ఈ రెంటి నడుమ దారిని ఎవరు వేశారో, దానిపై సుంకం ఎవరు వసూలు చేస్తున్నారో విచారించడమే ఆర్థిక చరిత్ర పని. ఇకముందు మా విద్యార్థులు వ్యాసంలో "వెనుకబడిన జిల్లా" అని వ్రాస్తే నేను ఎర్రసిరాతో ఒక్క ప్రశ్న వేయదలచాను: "కర్త ఎవరు?"