వసారా చివరి గది

మిషను ఆసుపత్రుల చరిత్ర వ్రాయునపుడు డాక్టరు దొరసానుల పేర్లు, పునాదిరాళ్ల తేదీలు తప్పక వచ్చును. గుంటూరులో 1883లో వైద్యసేవ ఆరంభించిన అన్నా కుగ్లరు గారిని, డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి తెరచిన ఇసబెల్ కెర్ గారిని సంఘస్థులు ఎరుగుదురు. కాని వసారా చివరి చిన్న గదిలో కూర్చుండి స్లైడులు చూచిన మనిషిని గూర్చి వ్రాసినవారు అరుదు. ఆ గదిలోని పని ఎట్లు నేర్చుకొనెడివారో కొంత చెప్పవలెనని మాకు తోచినది.

ఆ గదికి ఉత్తరపు కిటికీ మేలనెడివారు. కరెంటు లేని రోజులలో సూక్ష్మదర్శినికి వెలుగునిచ్చునది దాని క్రింది చిన్న అద్దమే. నేరుగా ఎండ పడిన కన్ను చెదరును, ఉత్తరపు వెలుగు నిలకడగా నుండును. కొత్తవాడు మొదట ఆ అద్దము త్రిప్పుట నేర్వవలెను. పిమ్మట స్లైడుపై సీడరు నూనె చుక్క వేసి, నూరు రెట్ల కటకమును ప్రక్కనుండి కనిపెట్టుచు దింపవలెను. గొట్టములో కన్ను పెట్టి దింపినచో స్లైడు పగులును, కటకము చెడును. కటకములు ఓడమీద రావలసిన కాలమది.

సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ గారు 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనునప్పటికి, ఆయన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టియుండెను, కంటి కటకము పగిలియుండెను. దోమలు ఎగిరిపోవునని పంకా కూడ వద్దనిరి.

రక్తపు బలము చూచుటకు సాలీ గొట్టము వాడిరి. పలుచని ఆమ్లములో కొలత ప్రకారము రక్తము కలిపి, పది నిమిషములు ఆగి, ప్రక్కనున్న గాజు రంగుకు సరిపోవువరకు చుక్కచుక్కగా నీరు పోయవలెను. రక్తమును నోటితో పీల్చి కొలిచెడివారు. అది ప్రమాదమని నేడు మాన్పించుట మంచిదే. చేతితో త్రిప్పు సెంట్రిఫ్యూజులో ఒక గొట్టమునకు ఎదురుగా సమానపు బరువు పెట్టనిచో యంత్రము బల్లపై గంతులు వేయును! రంగులు పోల్చి కొలుచు ఈ విద్యలోనే భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరము కొలుచు పద్ధతి ప్రకటించిరి.

అన్నిటికంటె బరువైనది కుష్ఠు పరీక్ష. చెవితమ్మెను వ్రేళ్లతో రక్తము పోవునట్లు నొక్కిపట్టి, చిన్న గాటు పెట్టి, బ్లేడు అడ్డముగా త్రిప్పి లోపలి రసము గీకి స్లైడుకు పూయవలెను. రక్తము కలిసినచో పరీక్ష పలుచబడును. ఎర్రని రంగు పోసి ఆవిరి వచ్చువరకు వేడిచేయవలెను, మరుగనీయరాదు. ఎండిపోయిన రంగు రవలే కొత్తవాని కంటికి క్రిములుగా తోచును. ఆమ్లముతో కడిగి నీలిరంగు అద్దిన పిమ్మట నీలి నేలమీద ఎర్రని పుల్లలు కనబడును. లేవని చెప్పుటకు ముందు నూరు చోట్లైనను చూడవలెను. సరిగా కడుగని పాత స్లైడు గీతలో నిలిచిన వేరొకరి క్రిమియే ఒక మనిషిని ఊరి వెలుపలికి నెట్టగలదు. ఉన్నదానిని లేదన్నచో ఆ మనిషి మందు లేక ఇంటికి పోవును. కొన్నేండ్లకు వ్రేళ్లు వంకరపోయి తిరిగి వచ్చును. డాక్టరు గారి చీటీలో పడు ఆ ఒక్క మాటకు ఆధారము వసారా గదిలోని కన్నే.

ఈ పని నేర్చినవారు పెద్ద చదువులవారు కారు. కాంపౌండర్లు, బోర్డింగు బడి పిల్లలు, కుష్ఠు ఆసుపత్రులలోనైతే కోలుకొనిన రోగులు సయితము నేర్చిరి. ఇంటివారు రానీయని మనిషికి ఆ బల్లయొద్ద కుర్చీ దొరకుట చిన్న సంగతి కాదు. పుస్తకము చూచి నేర్చినది తక్కువ, ముందున్నవాని ప్రక్కన నిలువబడి నేర్చినది ఎక్కువ.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళౌషధ చికిత్సను సిఫారసు చేసినది. నేడు చాలవరకు స్పర్శలేని మచ్చలు చూచియే కుష్ఠును నిర్ణయించుచున్నారు. రక్తకణములను యంత్రములే లెక్కించుచున్నవి. మన కుటుంబములలో ఎవరి తాతగారైనను, అమ్మమ్మగారైనను ఆ గదులలో పనిచేసియుండినచో వారి పేరు, ఊరు, పనిచేసిన ఏండ్లు వ్రాసి మాకు పంపగోరుచున్నాము. పాత రిజిష్టరులున్నను సరే, చెదలు పట్టకముందే చూపింపుడు.