ఉత్సవాగ్నికి పరిధి – ఆలయాలలో బాణసంచా, అనుమతుల చరిత్ర



జీర్ణోద్ధరణ పూర్తయి కుంభాభిషేకానికి ముహూర్తం నిశ్చయమైన ప్రతి ఆలయంలోనూ భక్తులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “స్వామివారి ఊరేగింపునాడు బాణసంచా ఉంటుందా?” దాతలలో కొందరు ఆ సేవకే ద్రవ్యం సమర్పిస్తామని ముందుకు వస్తారు. ఆ ఉత్సాహం శ్లాఘనీయమే. అయితే జిల్లా అధికారుల అనుమతి కావాలన్న మాట వినగానే “దేవుని ఉత్సవానికి కూడా అనుమతులా?” అని నొచ్చుకునేవారున్నారు. ఆ నియమాలు ఎట్లా పుట్టాయో, వాటి వెనుక ఎందరి ప్రాణాలున్నాయో తెలిసినవారు ఆ మాట అనలేరు. ఆ చరిత్రను సంగ్రహంగా మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అగ్నికి మర్యాద

అగ్ని మనకు పూజ్యుడు. ఋగ్వేదం అగ్నిస్తుతితోనే ఆరంభమవుతున్నది. ఆలయంలో హోమం, అఖండదీపం, నీరాజనం, ఇవన్నీ ఆయన సన్నిధానాలే. కాని షోడశోపచారాలలో ధూపదీపాలున్నాయే తప్ప మందుగుండు లేదు. దీపావళినాడు పితృదేవతలకు దారి చూపే ఉల్కాదానం ధర్మగ్రంథాలలో ఉంది. మన పల్లెలలో పిల్లలు గోగుకాడలు వెలిగించి దివ్విటీలు కొట్టే ఆచారం దానిని గుర్తుచేస్తుంది. అదీ వెలుగేగాని పేలుడు కాదు.

మరొక సంగతి గమనించండి. మన పెద్దలు ఏ అగ్నినీ హద్దు లేకుండా విడిచిపెట్టలేదు. కుండానికి కొలత ఉంది, మేఖలలున్నాయి. అగ్నికి పడమట, దక్షిణాన, ఉత్తరాన మూడు పరిధులను ఉంచుతాము. తూర్పుదిక్కును సూర్యభగవానుడే కాపాడుతాడని వేదం చెప్పింది. చుట్టూ నీటితో పరిషేచనం చేసిన తరువాతనే ఆహుతులు. పూజనీయుడైన అగ్నికే పరిధి ఉండగా, మందుగుండుకు పరిధి అక్కరలేదనడం ఏ శాస్త్రసమ్మతం?

రాజుల కాలంలో

సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపిన మందు మన ఉత్సవాలలోకి మధ్యయుగాల చివరిభాగంలో ప్రవేశించింది. పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరాన్ని దర్శించి అక్కడి మహానవమి వైభవాన్ని వర్ణిస్తూ బాణసంచాను పేర్కొన్నాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ అదే ఉత్సవంలో తారాజువ్వలను, మండుతూ నిప్పులు చిమ్మే కోటల ఆకృతులను చూచి వ్రాశాడు. రాయలకు సమకాలికుడైన గజపతి ప్రతాపరుద్రదేవుని పేర వెలసిన సంస్కృత గ్రంథం ‘కౌతుకచింతామణి’లో బాణసంచా తయారీకి పాళ్ళు కూడా చెప్పబడ్డాయి. పూనాకు చెందిన పండితుడు పి.కె. గోడే ఈ ఆధారాలను పరిశీలించి, భారతదేశంలో బాణసంచా చరిత్రను ప్రకటించారు.

కనుక ఇది ఆగమవిధి కాదు, రాజోపచారం. స్వామిని రాజాధిరాజుగా భావించే మనం ఛత్రచామరాలతోపాటు దీనిని కూడా వేడుకగా స్వీకరించాము. వేడుకను కాలానుగుణంగా దిద్దుకోవచ్చు. అందువలన పూజకు లోపం రాదు.

చట్టం వచ్చిన తీరు

పేలుడు పదార్థాల తయారీ, నిల్వ, అమ్మకం, రవాణాలను అదుపులో ఉంచే చట్టం 1884లో వచ్చింది. నేటికీ అదే మూలచట్టం. దాని క్రింద నియమావళి పలుమార్లు మారి, 2008లో ఇప్పటి నియమాలు వెలువడ్డాయి. వీటిని అమలుజరిపే కేంద్రసంస్థ ప్రధానస్థానం నాగపూర్. గంధకంతో క్లోరేటు లవణాన్ని కలిపిన మందు నిషిద్ధం. అది కొద్దిపాటి రాపిడికే పేలుతుంది.

స్వాతంత్ర్యానంతరం మన రాజ్యాంగంలోని 25వ అధికరణం మతస్వేచ్ఛను ప్రసాదించింది. ఆ స్వేచ్ఛ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని అదే అధికరణం తొలివాక్యంలోనే చెప్పింది. అనుమతి విధానానికి పునాది ఆ వాక్యమే.

2000లో శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు వచ్చాయి. 2005 జులై 18న సుప్రీంకోర్టు రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు శబ్దం చేసే బాణసంచాను నిషేధించింది. పేలిన చోటినుండి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళు మించిన టపాసును తయారుచేయరాదు, అమ్మరాదు, కాల్చరాదు. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లవరకు నిశ్శబ్దమండలం. 2018 అక్టోబర్ 23 నాటి తీర్పు పండుగవేళ కాల్చే సమయాన్ని రెండు గంటలకు పరిమితం చేసింది. సరాలుగా పేలే టపాసులను, బేరియం లవణాలను నిషేధించింది. లైసెన్సు ఉన్న వర్తకులే అమ్మాలని ఆదేశించింది. ఇది బాణసంచాపై సంపూర్ణ నిషేధం కాదని, ప్రజారోగ్యానికి హాని చేసేవాటిపైనే నిషేధమని అదే న్యాయస్థానం 2021 అక్టోబర్ 29న స్పష్టం చేసింది.

ప్రాణాలు నేర్పిన పాఠం

మన తెలుగునాట లక్షలాదిమంది మాల ధరించి దర్శించే శబరిమలలోనే 1952 జనవరి 14న, మకరజ్యోతి దినాన, బాణసంచా పేలి 68 మంది మరణించారు. స్వామి దర్శనానికి దీక్ష పూని వెళ్ళినవారి ఇండ్లకు ఆనాడు దుర్వార్త చేరింది.

ఆరు దశాబ్దాల తరువాత అదే కేరళలో, కొల్లం జిల్లా పరవూరులోని పుట్టింగల్ దేవీ ఆలయంలో, అంతకంటె ఘోరం జరిగింది. అక్కడ మీనమాసపు భరణి ఉత్సవంలో రెండు పక్షాలు పోటాపోటీగా బాణసంచా కాల్చే ఆచారం ఉండేది. 2016లో జిల్లా అధికారులు ఆ పోటీకి అనుమతి నిరాకరించారు. అయినా ప్రదర్శన సాగింది. ఏప్రిల్ 10వ తేదీ తెల్లవారుజామున, వేలాది భక్తులు చూస్తుండగా, నిప్పు వెళ్ళి బాణసంచా నిల్వ ఉంచిన గదిపై పడింది. గది యావత్తూ ఒక్కసారిగా పేలిపోయింది. 100 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, వందలాదిమంది గాయపడ్డారు. చుట్టుపట్ల ఇండ్లు కూడా దెబ్బతిన్నాయి. రెండు రోజులలో కేరళ హైకోర్టు సూర్యాస్తమయం మొదలు సూర్యోదయంవరకు పెద్దశబ్దం చేసే బాణసంచాను నిషేధించింది.

దీనిలో రెండు సంగతులు మనం మరువరాదు. కాల్చే చోటికి సమీపంలోనే నిల్వ ఉండడం మొదటిది. వద్దన్న అధికారుల మాటను పెడచెవిని పెట్టడం రెండవది. 2024 అక్టోబర్ చివర కాసరగోడ్ జిల్లా నీలేశ్వరంలోని ఆలయంలోనూ ఇదే జరిగింది. అనుమతి లేదు, కాల్చే స్థలానికి దగ్గరలోనే నిల్వ ఉంది. రవ్వ పడింది. 150 మందికి పైగా గాయపడ్డారు, వారిలో కొందరు తరువాత మరణించారు.

మన ప్రాంతం దీనికి దూరంగా లేదు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారయ్యే చోట పేలుడు జరిగి 8 మంది కూలీలు మరణించారు. అదే ఏడు అక్టోబర్ 8న, దీపావళికి కొద్దిరోజుల ముందు, కోనసీమ జిల్లా రాయవరంలో మరొక తయారీ కేంద్రం మండి పలువురు బలయ్యారు. ఆకాశంలో మనం చూచే ఒక్క తారాజువ్వ వెనుక మందు కూరిన చేతులు ఎన్నో ఉంటాయి. ఆ చేతులు క్షేమంగా ఉన్నప్పుడే అది స్వామికి సేవ.

దాతలకు, భక్తులకు మనవి

బాణసంచాకు ద్రవ్యం ఇచ్చే దాతలారా, మీ పేరు చదివించుకొనడానికి ముందు అనుమతిపత్రాన్ని చూపమని అడగండి. అడిగే అధికారం మీకుంది, చూపే బాధ్యత నిర్వాహకులది. దరఖాస్తు చాలినన్ని రోజులు ముందుగా అధికారులకు చేరాలి. పోలీసు, అగ్నిమాపక శాఖలవారు స్థలాన్ని చూడాలి. లైసెన్సు గలవారే సరుకు తేవాలి, అనుభవజ్ఞులే కాల్చాలి. నిల్వ వేరొక చోట, కాల్చే స్థలం వేరొక చోట ఉండాలి. ప్రేక్షకులకు దూరంగా త్రాడు కట్టాలి. నీరు, ఇసుక, అగ్నిమాపక శకటం సిద్ధంగా ఉండాలి. తాటాకు పందిళ్ళు, కొత్తగా కట్టిన యాగశాల, రథం ఉన్న వైపు కాల్చరాదు. కాలవ్యవధిని అధికారులు నిర్ణయించినట్లే పాటించాలి. పేలని టపాసును పిల్లలు చేత పట్టకుండా చూడాలి.

అన్నిటికంటె ముఖ్యం, పోటీ వద్దు. ప్రక్క ఊరికంటె మనది మిన్నగా ఉండాలన్న పట్టుదల భక్తి కాదు. అనుమతి రాకపోతే ఆ ఏడు బాణసంచా మానివేసినందున స్వామికి కోపం రాదు. ఆ ద్రవ్యాన్ని దీపోత్సవానికో, అన్నదానానికో సమర్పించండి. వెలుగూ ఉంటుంది, పుణ్యమూ ఉంటుంది.

కుంభాభిషేక సంకల్పంలో మేము లోకక్షేమాన్ని కోరుతాము. ఆ లోకంలో ఊరేగింపు చూడవచ్చిన పసిపిల్ల, గర్భవతి, వృద్ధుడు, ఆలయం ప్రక్క ఇంటిలోని రోగి, పశువుల కొట్టంలోని ఆవు, అందరూ ఉన్నారు. నోటితో వారి క్షేమం కోరి, చేతితో వారిని ప్రమాదంలోకి నెట్టితే ఆ సంకల్పం వ్యర్థమే. అధికారి ఇచ్చే పత్రాన్ని అగ్ని చుట్టూ ఉంచే పరిధిగా భావించండి. దానిని దాటని ఉత్సవమే స్వామికి ప్రీతికరం.

ఈ జీర్ణోద్ధరణకు ధన, వస్తు, శ్రమ రూపాలలో తోడ్పడిన దాతలందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలుగుగాక! ఉత్సవానికి వచ్చిన ప్రతి భక్తుడూ ప్రసాదం తీసుకొని సుఖంగా ఇల్లు చేరుగాక!