నాజిర్ చూడని కాగితం

1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా మొదలైంది. ఉస్మానియా యూనివర్సిటీలో సైన్సు, కానూన్, తారీఖ్ అన్నీ ఉర్దూలో చదవాలంటే ముందు కితాబులుండాలి కదా. మౌల్వీ అబ్దుల్ హఖ్ సాబ్ దానికి తొలి నాజిమ్.

నాకు తర్జుమా కంటే, ఆ తర్వాత జరిగే నజరె సానీ మీదే మోజు. ముతర్జిమ్ రాసిన ముసవ్విదా నేరుగా ప్రెస్సుకు పోయేది కాదు. జబాన్ చూడటానికి నాజిరె అదబీ ఉండేవారు. గాలిబ్ దీవాన్‌కు షరహ్ రాసిన నజ్మ్ తబాతబాయి, తర్వాత జోష్ మలీహాబాదీ ఆ కుర్సీలో కూర్చున్నవాళ్లే. ఇస్తిలాహ్‌లు తేల్చే కమిటీల్లో ఫన్ తెలిసినవాళ్లూ, జబాన్ తెలిసినవాళ్లూ కలిసి కూర్చునేవారు. లఫ్జులు అరబీ నుంచే తీయాలా, హిందీ మాటలూ కలపాలా అని పెద్ద బహస్. 1921 నాటి 'వజ్ఎ ఇస్తిలాహాత్'లో వహీదుద్దీన్ సలీం సాబ్ రెండో దారినే సమర్థించారు. నా ఓటూ ఆయనకే.

ఆ బహస్ ఇప్పుడు మా ఇంట్లోనూ నడుస్తోంది. నవీపేట్‌లో నేను, బోధన్‌లో మా ఖాలా కొడుకు కలిసి నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ మీద తెలుగులో ఒక బాబ్ రాస్తున్నాం. చదవబోయేది మన పిల్లలు. తప్పు మాట ఒకసారి జెహన్‌లో పడితే తీయడం ముష్కిల్. సర్వర్‌లోని 'యాక్సెప్ట్' అనే ఫంక్షన్‌కు వాడు 'ఖబూల్' అని పెట్టాడు. ఎంత ఖూబ్‌సూరత్ లఫ్జ్! జబాన్ చూసే నాజిర్ వెంటనే మంజూర్ చేసేవాడేమో. కానీ టీసీపీలో రెండు వైపులా మాట కుదిరేది అంతకు ముందే, ఆ పని కెర్నల్ చేసేస్తుంది. యాక్సెప్ట్ చేసేదల్లా క్యూలో ఉన్న కనెక్షన్‌ను ప్రోగ్రాం చేతికివ్వడం. నికాహ్ అయిపోయాక ఖబూల్ అడిగితే ఎట్లా? కొట్టేసి, 'అందుకో' అని రాశాను. వాడింకా ఒప్పుకోలేదు.