పహాణీలో లేని పేరు

ధ్యానభాగం: ఎజ్రా 2:59-62



మా ముత్తాత పేరు ఎక్కడైనా వ్రాసి ఉందేమోనని పోయిన వేసవిలో వెదికాను. మొదట మా ఊరి 1954-55 ఖాస్రా పహాణీ చూశాను. ప్రతి సర్వే నంబరుకు పట్టాదారు ఎవరు, సాగు ఎవరిది అని అందులో ఉంటుంది. పేజీలన్నీ త్రిప్పాను. ఆయన పేరు లేదు.

అంతకు ముందటివి కావాలంటే బీదర్ జిల్లా అని వెదకాలి. మన నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబరు 1 వరకు ఆ జిల్లాలోనే ఉండేది. ఆ రోజున మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఫసలీ 1309 అంటే 1899-1900, దక్కనులో మహా కరువు పడిన ఏడు.

ఆ కాగితాలలోనూ భూమి ఉన్నవారు, శిస్తు కట్టేవారే కనబడతారు. మా ముత్తాత జీతగాడు. అప్పు తీరేదాకా దొర పొలంలో చాకిరీ చేసే ఆ పద్ధతిని సర్కారు భాగేలా అనేది. దాన్ని అదుపు చేయడానికి 1936లో ఒక చట్టం కూడా తెచ్చింది. నాగలి పట్టింది ఆయన చేయి, పహాణీకి ఎక్కింది మరొకరి పేరు. జనాభా లెక్కలలో ఆయన ఒక అంకె మాత్రమే.

చివరికి ఒక పాత సంఘపు బాప్తిస్మపు రిజిస్టరులో దొరికాడు. పాత పేరు, క్రొత్త పేరు, ఊరు, తండ్రి పేరు. ఆ తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు! ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తరువాతి పేజీలను చెదలు తినేశాయి. ఎన్ని కుటుంబాల తాతలు అక్కడ పోయారో! కాపరులమైన మాకు ఇది గద్దింపు.

చెరనుండి తిరిగి వచ్చినవారిలో తమ పితరుల ఇంటిని, వంశాన్ని చూపలేనివారు 652 మంది ఉన్నారని ఎజ్రా వ్రాశాడు. యాజకులలో కొందరు తమ పేర్లు పుస్తకంలో వెదికారు, దొరకలేదు. ఆ కారణంగా వారిని యాజకత్వం నుండి తప్పించారు కూడా. రుజువు లేకపోతే మనుషులు ఇచ్చే తీర్పు అది. అయినా రుజువు లేనివారిని సైతం లెక్కపెట్టి, వారి సంగతిని పరిశుద్ధ గ్రంథంలో నిలిపాడు దేవుడు.

ప్రియులారా, ఈ ఆదివారం ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చోండి. వారి తాతల పేర్లు, చేసిన పని, చూసిన కరువు అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. మన సంఘపు రిజిస్టరును కూడా ఇనుప పెట్టెలోకి మార్చుదాం.

ప్రార్థన: ప్రభువా, ఏ పట్టాలోనూ లేని మా పితరులను నీవు ఎరుగుదువు. వారి కష్టాన్ని మేము మరువకుండా చేయుము. ఆమేన్.