సూత్రధారుని చేతి తాళము

మొయినాబాదునకు తూర్పున కొన్ని క్రోసుల దూరములో గోలకొండ కోట యున్నది. ఆ కోట నేలిన అబుల్ హసన్ తానీషా, భాగవతుల యాటను మెచ్చి, కృష్ణామండలమునందలి కూచిపూడిని వారి కుటుంబములకు అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము. అది 1678 ప్రాంతమున జరిగినదందురు. ఆడినవారిని అందరును తలతురు. ఆటను నడపిన చేతిని తలచువారు తక్కువ. మేము ఆ చేతిని గూర్చియే చెప్పదలచితిమి.

కూచిపూడి మేళమున తాళము పట్టువాడు సూత్రధారుడు. ఆ తాళపు బిళ్లలు రెండును అరచేతిలో నిముడునంతటివే. ఒకటి ఇనుము, రెండవది ఇత్తడి. అంచు తాకించి విడిచినచో మ్రోగుచుండును. మోపి యుంచినచో ధ్వని అచ్చటనే అణగును. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరములో తాళమును ఘనవాద్యములందు చేర్చెను.

ఇంత చిన్న వస్తువునకు అంత పెత్తనమేల? మైకులు లేని కాలమున, ఆరుబయట, కాగడాల వెలుతురులో రాత్రి తెల్లవార్లు ఆట సాగెడిది. మద్దెల నాదము గాత్రములో కలసిపోవచ్చును. తాళపు సన్నని మ్రోత ఆ రెంటిని చీల్చుకొని ఆడువాని చెవికి సూటిగా చేరును. సూత్రధారుని చేయి ఒక్క మాత్ర తడబడెనా, కాలును తడబడును, పాటయు తడబడును!

పాశ్చాత్య వాద్యబృందములోని తాళగాని సంగతి వేరు. 1623లో ఇస్తాంబులున జిల్జియాన్ కుటుంబము ఆరంభించిన వృత్తి నేటికిని అట్టివారికి పెద్ద కంచుతాళములను సమకూర్చుచున్నది. అతడు మాత్రలు లెక్కించుచు చాలసేపు వేచియుండి, ఒక్కమారు మ్రోగించి, మరల మిన్నకుండవచ్చును. మన సూత్రధారునికి అంతటి విరామ మెక్కడిది? తాళము వేయవలెను, పాడవలెను, పాత్రలతో సంభాషింపను వలెను.

ఈ భారమును జీవితమంతయు మోసినవారిలో చింతా కృష్ణమూర్తిగారు (1912–1969) ముఖ్యులు. వేంకటరామ నాట్యమండలిని నడపుచు, భామాకలాపమున వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామకు ఎదుట సూత్రధారునిగాను, మాధవిగాను నిలిచిరి. 1968లో వారికి కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారము లభించినది.

ఏకపాత్ర నృత్యము ప్రబలిన పిమ్మట తాళము పట్టువారిని రంగస్థలపు ప్రక్కన కూర్చుండబెట్టిరి. తాళము నిలిచినది గాని, సత్యభామను ఎదిరించి పలుకు నోరు మూతపడినది. ఇది చిన్న నష్టమని మేము తలపము.

రేడియోలో మాత్రము న్యాయము వేరుగా నున్నది. భామ జడయు కనబడదు, అడుగును కనబడదు. ఆమె పాద మెప్పుడు నేలను తాకెనో శ్రోతలకు చెప్పునది ఆ రెండు బిళ్లలే.